జీరో టికెట్ డబ్బు ఆర్టీసీకి ఎప్పటిలోగా రావాలో చట్టంలో ఎందుకు లేదు?

#1 డిపోగేటు

అందరికీ నమస్కారం. ఉచిత బస్సు మంచిదా కాదా అన్న వాదన ఈ థ్రెడ్‌లో వద్దని ముందే మనవి. దాని మీద ఇక్కడ చాలా చర్చలు జరిగాయి. నేను అడుగుతున్నది వేరే. ప్రభుత్వం ఒక పథకం ప్రకటించి, దాన్ని ఆర్టీసీ చేత నడిపిస్తే, ఆ ఖర్చు ఏ లెక్కన, ఎప్పటిలోగా కట్టాలని ఎక్కడ రాసి ఉంది?

తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైంది. డబ్బు తీసుకోకుండా వాళ్లకు ఇచ్చే టికెట్టే జీరో టికెట్. 2025 జులై నాటికి జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ అయిదు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఇంత పెద్ద పథకాలు రెండు చోట్లా ప్రభుత్వ ఉత్తర్వుల మీదే నడుస్తున్నాయి. బడ్జెట్‌లో ఒక అంకె పెడతారు. ఆ అంకె సంస్థ ఖాతాలోకి రావాలంటే ఆర్థిక శాఖ విడుదల చేయాలి. ఈ రెండింటి మధ్య ఎన్ని నెలలైనా పట్టొచ్చు. డీజిల్ కంపెనీ, టైర్ల కంపెనీ అన్ని నెలలు ఆగవు కదా.

నా ఉద్దేశంలో ఇది దయతో ఇచ్చే గ్రాంట్ కాదు. చేయించుకున్న పనికి బాకీ. బాకీకి గడువు ఉండాలి, ఆ గడువు చట్టంలో ఉండాలి. చట్టం, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

#2 చట్టంచదువరి

మంచి ప్రశ్న. మూలం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది ఆ చట్టం కిందే. 2016లో తెలంగాణ తన సంస్థను పెట్టుకున్నదీ దాని కిందే.

అందులో సెక్షన్ 22 ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి. సెక్షన్ 34 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం సంస్థకు ఆదేశాలు ఇవ్వొచ్చు, వాటిని సంస్థ పాటించాలి. ఇక చార్జీలు ఎంత ఉండాలన్నది 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 67 కింద ప్రభుత్వం చేతిలో ఉంది. అంటే టికెట్ ధర పెంచే స్వేచ్ఛ సంస్థకు లేదు, ఆదేశం కాదనే హక్కు లేదు, నష్టం రాకుండా మాత్రం నడవాలి. ఆదేశం ఇచ్చిన ప్రభుత్వం దాని ఖర్చు ఇన్ని రోజుల్లో కట్టాలన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

పక్కనే విద్యుత్ చట్టం చూడండి. 2003 చట్టంలో సెక్షన్ 65 ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా కరెంటు సబ్సిడీ ఇవ్వాలనుకుంటే ఆ మొత్తాన్ని ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే ఆ ఆదేశం అమల్లో ఉండదు. కరెంటుకు పెట్టిన ఈ రక్షణ బస్సుకు ఎందుకు పెట్టలేదు? 1950లో చట్టం రాసినవాళ్ల ముందు ఈ ప్రశ్న రాలేదనుకుందాం. ఇప్పుడు మన ముందుంది.

#3 పన్నుకట్టేవాడు

చట్టంచదువరి గారూ, సెక్షన్ 65 ఉన్నా డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) ప్రభుత్వాలు బకాయి పడుతూనే ఉన్నాయి కదా. కాగితం మీద వాక్యం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. పైగా ఉచిత ప్రయాణానికి కట్టేది నాలాంటివాళ్ల పన్నే. దానికి చట్టంతో హక్కు కట్టబెడితే, రేపు ఖజానాలో డబ్బు లేని ఏడాది ఏం చేస్తారు? ఆస్పత్రుల డబ్బు ఆపి బస్సులకు ఇస్తారా?

#4 చట్టంచదువరి

బకాయిలు ఉన్న మాట నిజమే. కానీ ఆ బకాయి ఎంతో మనకు తెలుస్తోంది, చూడండి, అదే తేడా. అక్కడ విద్యుత్ నియంత్రణ మండలి ఉంది, ధరలు నిర్ణయించే టారిఫ్ ఉత్తర్వులో సబ్సిడీ ఎంతో విడిగా రాస్తారు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మూడు నెలలకోసారి సబ్సిడీ లెక్క నివేదికగా రావాలి. ఆర్టీసీ విషయంలో ఎంత రావాలి, ఎంత వచ్చింది అని అడిగితే సంస్థ ఒక అంకె, మంత్రి ఒక అంకె, యూనియన్ మరో అంకె చెబుతారు. తీర్పు చెప్పే మూడో మనిషి లేడు.

#5 పల్లెవెలుగు

సెక్షన్లు నాకు తెలియవు. ఊరి మాట చెబుతాను. మా వైపు ఉచిత బస్సు వచ్చాక ఆడవాళ్లు పనికి, ఆస్పత్రికి, బ్యాంకుకు ఎవరినీ డబ్బులు అడగకుండా వెళ్తున్నారు. మా పిన్ని ఇప్పుడు కూరగాయలు మండల కేంద్రానికి తనే తీసుకెళ్లి అమ్ముకుంటోంది. అది చాలా పెద్ద విషయం. కానీ బస్సులు అవే, జనం రెట్టింపు. మా ఊరికి రాత్రి బస్సు లేదు. ఆఖరి ట్రిప్పు తప్పితే ఆటోకు డబ్బు పెట్టాల్సిందే. ఆ రోజు ఉచితం ఏమీ మిగలదు.

అందుకే నా ప్రశ్న ఇది. ప్రభుత్వం టికెట్ల లెక్కన డబ్బు ఇస్తే, డిపో వాళ్లు జనం ఎక్కువ ఎక్కే రూటుకే బస్సు పంపుతారా? మా లాంటి చివరి ఊళ్ల ట్రిప్పులు ఇంకా తగ్గుతాయా?

#6 లెక్కలమాస్టారు

@పల్లెవెలుగు, అసలు విషయం మీరే పట్టుకున్నారు. ఎంత ఇస్తున్నారు అన్నదాని కంటే దేన్ని కొలిచి ఇస్తున్నారు అన్నదే ముఖ్యం. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇప్పుడు కొలత జీరో టికెట్. కండక్టర్ టిమ్ (టికెట్ మెషిన్) మీద జీరో టికెట్ కొడితే అందులో ఆ దూరానికి అయ్యే చార్జీ నమోదవుతుంది. అవన్నీ కూడితే ప్రభుత్వం ఇవ్వాల్సిన మొత్తం వస్తుంది. చూడటానికి న్యాయంగానే ఉంటుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ట్రిప్పు 40 కిలోమీటర్లు. డీజిల్, జీతాలు, టైర్లు, విడిభాగాలు, పాత బస్సు పోతే కొత్తది కొనడానికి పక్కన పెట్టాల్సింది, అన్నీ కలిపి కిలోమీటరుకు 60 రూపాయల ఖర్చు అనుకోండి. ట్రిప్పుకు 2,400. పొద్దున ట్రిప్పులో 70 మంది, తలా 30 రూపాయల టికెట్. విలువ 2,100. రాత్రి ట్రిప్పులో 15 మంది. విలువ 450. రెండింటికీ తాగిన డీజిల్ దాదాపు ఒకటే, డ్రైవర్ డ్యూటీ ఒకటే. ప్రభుత్వం ప్రతి జీరో టికెట్‌కూ పూర్తి విలువ ఆ రోజే కట్టినా, పొద్దున ట్రిప్పులో 300, రాత్రి ట్రిప్పులో 1,950 తక్కువ పడతాయి. డిపో మేనేజర్ ఎంత మంచివాడైనా ఈపీకే (కిలోమీటరుకు వచ్చే రాబడి) పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే మొదట కోత పడేది ఆ రాత్రి ట్రిప్పుకే. అది మనిషి తప్పు కాదు, కొలత తప్పు.

రెండో పద్ధతి కిలోమీటర్ల లెక్క. ఈ ఊరికి రోజుకు ఇన్ని ట్రిప్పులు నడపాలి, కిలోమీటరుకు ఇంత ఇస్తాం అని ప్రభుత్వం, సంస్థ ఒప్పందం చేసుకోవడం. నడిపితే డబ్బు వస్తుంది, ట్రిప్పు ఎగ్గొడితే కోత పడుతుంది. ఎలక్ట్రిక్ బస్సుల ప్రైవేటు ఆపరేటర్లకు మన ఆర్టీసీలు ఇచ్చేది ఈ పద్ధతిలోనే. బస్సు వాళ్లది, కిలోమీటరుకు ఇంత అని ఒప్పందం, జనం ఎక్కినా ఎక్కకపోయినా వాళ్ల డబ్బు వాళ్లకు వస్తుంది.

దీనికీ ఒక లోపం ఉంది. పూర్తిగా కిలోమీటర్ల లెక్కే పెడితే జనాన్ని ఎక్కించుకోవాలన్న పట్టింపు తగ్గుతుంది. చెయ్యెత్తినా ఆపకుండా పోయే బస్సు వల్ల ఎవరికి లాభం? కాబట్టి కనీస ట్రిప్పులకు కిలోమీటర్ల లెక్క, ఆ పైన టికెట్ల లెక్క కలిపి ఉండాలని నా అభిప్రాయం.

#7 కండక్టర్‌గారబ్బాయి

నాన్న సర్వీసంతా ఆర్టీసీలోనే గడిచింది కాబట్టి ఉద్యోగుల వైపు నుంచి ఒక మాట. చట్టం చేస్తే చాలు అనుకుంటున్నారు మీరు. చట్టం అయ్యాక ఏమవుతుందో మేము చూస్తున్నాం.

తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబర్ 5న సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది కార్మికులు, నవంబర్ 25 దాకా. మొదటి డిమాండ్ ప్రభుత్వంలో విలీనం, అంటే మమ్మల్ని ప్రభుత్వ ఉద్యోగులుగా చేయడం. అప్పుడు కుదరదన్నారు. 2023 జులై 31న అదే ప్రభుత్వ మంత్రివర్గం విలీనానికి ఒప్పుకుంది. ఖజానా మీద భారం పడే బిల్లు కాబట్టి సభలో పెట్టే ముందు గవర్నర్ సిఫార్సు కావాలి. గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ గారు వివరణలు అడిగారు. కేంద్రం వాటా సంగతేంటి, పెన్షన్ సంగతేంటి అని. కార్మికులు రాజ్‌భవన్‌కు వెళ్లారు. చివరికి ఆగస్టు 6న అసెంబ్లీలో బిల్లు పాసైంది, సెప్టెంబర్‌లో గవర్నర్ ఆమోదం వచ్చింది. 43,373 మంది ఉద్యోగుల చట్టం అది.

ఆ తర్వాత? అమలు తేదీని ప్రభుత్వం విడిగా ప్రకటించాలి. ప్రభుత్వం మారింది. 2025 మేలో మళ్లీ సమ్మె నోటీసు ఇచ్చినప్పుడు కూడా డిమాండ్లలో ఆ విలీనం ఉంది. మంత్రులతో చర్చల తర్వాత సమ్మె వాయిదా పడింది. చట్టం పుస్తకంలో ఉంది, అప్పటికీ తేదీ రాలేదు. మీరు అడిగే రీయింబర్స్‌మెంట్ (ఖర్చు తిరిగి కట్టే) చట్టానికీ ఇదే గతి పడితే ఏం లాభం?

#8 డిపోగేటు

తమ్ముడూ, నువ్వు చెప్పింది నా వాదనకే బలం. గడువు చట్టం లోపలే ఉండాలని నేను మొత్తుకుంటున్నది అందుకే. "ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి" అని రాస్తే అది ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు.

#9 కృష్ణాతీరం

ఆంధ్ర అనుభవం నేను చెబుతాను. మా దగ్గర ఆంజనేయరెడ్డి కమిటీ నివేదిక తర్వాత 2019 డిసెంబర్‌లో విలీనం చట్టం చేశారు, 2020 జనవరి 1 నుంచి అమలైంది. సుమారు 52 వేల మంది ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. వెంటనే కరోనా వచ్చింది. బస్సులు డిపోల్లో నిలబడిపోయిన ఆ రోజుల్లో జీతాలు మిగతా ప్రభుత్వ ఉద్యోగులతో పాటే వచ్చాయి. అదే పాత పద్ధతిలో అయితే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్ వస్తుంది.

కానీ అన్నీ తీరలేదు. పాత పెన్షన్ రాలేదు. ఆర్టీసీ ఆస్పత్రుల వైద్యం బాగుండేదనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. విలీనమైంది ఉద్యోగులే, సంస్థ కాదు. కార్పొరేషన్ అలాగే ఉంది. బస్సులు, స్థలాలు, అప్పులు దానివే. కొత్త బస్సు కొనాలంటే డబ్బు అదే వెతుక్కోవాలి. జీతాల భారం పోయిన మాట నిజం, టికెట్ రాబడి పడిపోతే బస్సుల కొనుగోలు ఆగిపోయే ప్రమాదం మాత్రం అలాగే ఉంది. స్త్రీ శక్తి వచ్చాక అది ఇంకా పెరిగింది. కాబట్టి డిపోగేటు గారి ప్రశ్న విలీనమైన రాష్ట్రానికీ వర్తిస్తుంది.

#10 సిటీఆర్డినరీ

హైదరాబాద్ నుంచి. నగరంలో నష్టాలను నగరపాలక సంస్థ భరించాలన్న ఆలోచన కూడా ఒకప్పుడు నడిచింది. జీహెచ్‌ఎంసీ నుంచి ఆర్టీసీకి 336 కోట్లు వచ్చాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. 2019 సమ్మె సమయంలో హైకోర్టులో ఇది పెద్ద చర్చ అయింది. మా ఆర్థిక పరిస్థితి బాగుంటేనే ఇస్తాం, తప్పనిసరి ఏమీ కాదని జీహెచ్‌ఎంసీ కోర్టుకు చెప్పింది. వీలుంటే ఇవ్వొచ్చు అని రాసిన చట్టం కోర్టు మెట్లెక్కినప్పుడు ఎందుకూ పనికిరాదని అప్పుడే తేలిపోయింది.

#11 డిపోగేటు

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం చెబుతాను. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం పీఎం ఈ-బస్ సేవ కింద చెల్లింపుల భద్రత పథకం ఆమోదించింది. 3,435 కోట్లు, 38 వేలకు పైగా ఎలక్ట్రిక్ బస్సుల కోసం. ఆర్టీసీ ప్రైవేటు ఆపరేటర్‌కు సమయానికి కట్టకపోతే ఆ నిధి నుంచి ఆపరేటర్‌కు డబ్బు వెళ్తుంది, తర్వాత రాష్ట్రం నుంచి రాబట్టుకుంటారు. దానికి రాష్ట్రాలు రిజర్వు బ్యాంకుకు డైరెక్ట్ డెబిట్ మాండేట్ రాసివ్వాలి.

అంటే ఆర్టీసీ ఎవరికి బాకీ పడుతుందో వాళ్లకు రిజర్వు బ్యాంకు దాకా రక్షణ ఉంది. ఆర్టీసీకి ఎవరు బాకీ పడ్డారో వాళ్ల మీద ఆర్టీసీకి ఏ పట్టూ లేదు. కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అవి రోడ్డెక్కాక ప్రతి నెలా ఆపరేటర్ బిల్లు ఖచ్చితంగా కట్టాలి. జీరో టికెట్ డబ్బు మాత్రం ఎప్పుడొస్తే అప్పుడు. మధ్యలో నలిగేది ఎవరు? విడిభాగాలు లేక ఆగిపోయిన పల్లెవెలుగు బస్సు, పీఎఫ్ కోసం ఎదురుచూసే ఉద్యోగి.

#12 నవీన_ప్రయాణికురాలు

డైరెక్ట్ డెబిట్ మాండేట్ అంటే కొంచెం సులువుగా చెప్తారా?

#13 లెక్కలమాస్టారు

మన ఇంటి లోను ఈఎంఐ ప్రతి నెలా బ్యాంకు దానంతటదే కోసుకోవడానికి ముందే సంతకం చేస్తాం కదా, అలాంటిదేనమ్మా. ఇక్కడ సంతకం చేసేది రాష్ట్ర ప్రభుత్వం, ఖాతా ఉండేది రిజర్వు బ్యాంకులో.

#14 పన్నుకట్టేవాడు

డిపోగేటు గారూ, ఈ భద్రత పథకం సంగతి ఆలోచింపజేసింది. ప్రైవేటు ఆపరేటర్‌కు ఇచ్చిన హామీ ప్రభుత్వ సంస్థకు లేకపోవడం పన్ను కట్టేవాడిగా నాకూ నచ్చలేదు. అయితే ఖజానా సంగతి ఏంటన్న నా ప్రశ్న అలాగే ఉంది.

ఒక సూచన చేస్తాను. ఆర్టీసీ కొనే ప్రతి లీటరు డీజిల్ మీద రాష్ట్రానికి వ్యాట్ వెళ్తుంది. బస్సుల మీద మోటారు వాహనాల పన్ను వెళ్తుంది. అంటే ప్రభుత్వం ఒక చేత్తో తీసుకుంటూ, ఇంకో చేత్తో ఇవ్వాల్సింది ఆలస్యం చేస్తోంది. ఆ నెల ఇవ్వాల్సిన రీయింబర్స్‌మెంట్ రాకపోతే, ఆ నెల కట్టాల్సిన పన్నుల్లో అంత మేరకు సర్దుబాటు చేసుకునే హక్కు ఆర్టీసీకి ఇవ్వండి. కొత్త డబ్బు అక్కర్లేదు. 2022 మార్చిలో బల్క్ డీజిల్ ధర ఒక్కసారిగా పెరిగితే ఆర్టీసీ బస్సులు బయటి బంకుల్లో కొట్టించుకున్నాయి, ఏప్రిల్‌లో టికెట్ మీద డీజిల్ సెస్సు పడింది. అలాంటి సమయంలో సర్దుబాటు ఉండి ఉంటే ప్రయాణికుడి మీద భారం కొంతైనా తగ్గేది.

#15 కండక్టర్‌గారబ్బాయి

సర్దుబాటు ఆలోచన బాగుంది. ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

#16 చట్టంచదువరి

ఇప్పటిదాకా వచ్చిన మాటలన్నీ కలిపి ఒక ముసాయిదా అనుకుందాం. ఉద్యోగుల విలీనానికి రెండు రాష్ట్రాలూ సొంత చట్టాలు చేశాయి కాబట్టి, దీనికీ రాష్ట్ర చట్టం దారి ఉంది.

రాయితీ లేదా ఉచిత ప్రయాణం ఏదైనా సరే, ప్రభుత్వం ఆదేశించినప్పుడు దాని అంచనా ఖర్చు ఆదేశంలోనే రాయాలి. మూడు నెలల మొత్తం ముందుగా సంస్థ ఖాతాలో వేయాలి. అసలు లెక్క తేలాక హెచ్చుతగ్గులు తర్వాతి విడతలో సరిచేయాలి. గడువు దాటితే వడ్డీ పడాలి, పన్నుల్లో సర్దుబాటు హక్కు దానంతటదే రావాలి. ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నది మూడు నెలలకోసారి సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టాలి. విద్యార్థుల పాసుల రాయితీని కూడా ఇందులోనే చేర్చాలి, అది ఉచిత బస్సు కంటే పాత బాకీ. చట్టం అమలు తేదీ చట్టంలోనే ఉండాలి.

చార్జీల గురించి కూడా ఒక మాట ఉండాలని నాకనిపిస్తోంది. సెక్షన్ 67 కేంద్ర చట్టంలోది, దాన్ని కదపలేం. కానీ డీజిల్ ధర పెరిగితే ఎన్ని రోజుల్లో చార్జీపై నిర్ణయం చెప్పాలో ప్రభుత్వం తనకు తానే గడువు పెట్టుకోవచ్చు. 2019లో సమ్మె ముగిసిన వెంటనే, డిసెంబర్ 3న, కిలోమీటరుకు 20 పైసలు పెంచారు. ఏళ్ల తరబడి ఆపి ఒకేసారి పెంచితే మగవాళ్ల టికెట్ మీదే మొత్తం పడుతుంది. ఇప్పుడు డబ్బు పెట్టి టికెట్ కొనేది ఎక్కువగా వాళ్లే.

#17 పల్లెవెలుగు

అందులో ట్రిప్పుల మాట లేదు. మాస్టారు చెప్పిన కనీస ట్రిప్పులు రాయండి సార్. డబ్బు సమయానికి వచ్చి, మా ఊరికి బస్సు రాకపోతే ఈ చట్టం మాకు దేనికి?

#18 లెక్కలమాస్టారు

తప్పకుండా ఉండాలి. ప్రతి గ్రామ పంచాయతీకి రోజుకు కనీసం ఎన్ని ట్రిప్పులు, ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అన్నది చట్టానికి అనుబంధంగా పెట్టాలి. ఎన్ని నడిచాయో జీపీఎస్ రికార్డు ప్రకారం చూడాలి. కిలోమీటర్ల డబ్బు దాని మీదే రావాలి. చివరి ఊరి బస్సుకు డబ్బు ఉందని తెలిస్తే డిపో మేనేజర్ కూడా ధైర్యంగా నడుపుతాడు.

#19 కృష్ణాతీరం

ఏపీకి విడిగా ఒక ప్రతి కావాలి. మా దగ్గర జీతాలు ఖజానా నుంచే కాబట్టి కిలోమీటరు ఖర్చులో జీతాలు తీసేసి, కొత్త బస్సుల నిధిని పెంచి లెక్క వేయాలి. ఆ భాగం నేను రాస్తాను.

#20 డిపోగేటు

సరే. చట్టంచదువరి గారి ముసాయిదాలో పల్లెవెలుగు గారి ట్రిప్పుల అంశం కలిపి ఒక పేజీకి కుదించి ఇక్కడ పెడతాను. బడ్జెట్ సమావేశాల్లో రవాణా శాఖ పద్దు చర్చకు వచ్చేలోపు ఎవరి నియోజకవర్గ ఎమ్మెల్యేకి వాళ్లు స్వయంగా ఇవ్వాలి, యూనియన్లకూ ఒక ప్రతి ఇవ్వాలి. సభలో అడగాల్సిన ప్రశ్న ఒకటే పెడదాం: గత మూడు నెలల జీరో టికెట్ల విలువ ఎంత, అందులో సంస్థ ఖాతాలో పడింది ఎంత, ఏ తేదీన? జిల్లాల వారీగా ఎవరు ఇవ్వగలరో కింద రాయండి. సిటీఆర్డినరీ గారూ, హైకోర్టులో జీహెచ్‌ఎంసీ వాదనకు సంబంధించిన కాగితాలు మీ దగ్గర ఉంటే వాటినీ పెట్టండి, ముసాయిదాకు జత చేద్దాం.